టైలరమ్మ దాచిన జబ్బు

వీధిలో అందరూ ఆమెను టైలరమ్మ అనే పిలిచేవారు. భర్త హెచ్.ఐ.వి. అంటించి, తాను ఏనాడో పోయాడు. ఆమె మాత్రం పూట తప్పకుండా మందులు మింగుతూ, మిషను తొక్కుతూ, కూతుర్ని పెంచి పెళ్లి చేసి అరవై దాటింది. అవేం మాత్రలని కూతురు అడిగితే బీపీవని చెప్పేది. రక్తంలో వైరస్ కనబడటం లేదని క్లినిక్‌లో అన్నాక గండం గట్టెక్కిందనుకుని, గుండె మీద చెయ్యేసుకుని నిద్రపోయింది. ముట్లుడిగాక, ముసలిదానికి ఇంకా గర్భసంచి పరీక్షలెందుకని నవ్వేసి, అటువైపు వెళ్లడమే మానేసింది.

ఎప్పుడో ఆగిపోయిన రక్తస్రావం మళ్లీ మొదలైంది. గుడ్డపేలికలతో కొన్నాళ్లు నెట్టుకొచ్చింది. చివరికి మిషను ముందే కూలబడితే కూతురు ఆసుపత్రికి తీసుకెళ్లింది.

కూతుర్ని బయట కూర్చోబెట్టి, గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సరని, అప్పుడే పక్కలకు పాకిందని డాక్టరమ్మ చెప్పింది.

"వైరస్ లేదన్నారు కదమ్మా," అంది టైలరమ్మ.

లేకపోవడం కాదు, అణిగి ఉండటమంది డాక్టరమ్మ. మందులు మొదలెట్టేలోపే ఒంట్లో రోగాల్ని అడ్డుకునే శక్తి సగం దెబ్బతింది, దానికి వయసు తోడైంది, రెండూ కలిస్తే క్యాన్సర్‌కు దారి సులువవుతుంది. అందుకే ఆ పరీక్షలు మానకూడదంది. పులి నోటి నుంచి బయటపడి మొసలి నోట్లో పడ్డానే అని టైలరమ్మ కుమిలిపోయింది.

ఇక దాచి లాభం లేదు. బెంచీ మీద కూతురి పక్కన కూర్చుని, నేలచూపులు చూస్తూ అంతా చెప్పేసింది. నీకు చిన్నప్పుడే పరీక్ష చేయించాను, ఏమీ లేదన్నారని మొదటే చెప్పింది.

కూతురు ఆమె వైపు తిరిగింది.

"నా పిల్లని నువ్వు ఎత్తుకోనిది, ముద్దు పెట్టుకోనిది ఇందుకేనా?"

"అలా అంటుకోదని డాక్టర్లు చెబుతూనే ఉన్నారే. నాకే ధైర్యం చాల్లేదు."

"దాన్ని చూస్తే నీకు గిట్టదనుకున్నానమ్మా. అందుకే తీసుకురావడం మానేశాను."

క్యాన్సర్‌కు కరెంటు పెట్టడం, అదే రేడియేషన్, మొదలైంది. తిన్నది నిలవక, ఒళ్లు భగభగ మండి, టైలరమ్మ మంచానికి అతుక్కుపోయింది. తగ్గుతుందని డాక్టరమ్మ మాటివ్వలేదు. కూతురు తన పిల్లను తీసుకొచ్చి మంచం పక్కన నిలబెట్టింది. టైలరమ్మ చేతులు చాచింది. పిల్ల జంకి, తన తల్లి వెనక నక్కింది.

"ఎవరమ్మా ఈవిడ?"

అమ్మమ్మేనంటూ కూతురు ముందుకు తోసింది. పిల్ల రాలేదు. నొప్పెడుతున్నా టైలరమ్మ చేతులు దించలేదు.