ఫాతిమా కొడుకు

గ్రీసులో ఏ ఆఫీసు కిటికీ దగ్గరికెళ్ళినా ముందు నీ పేరు అడుగుతారు, తర్వాత తండ్రి పేరు, ఆ వెంటనే తల్లి పేరు. కంబర్ అలీ ఆ మూడో ప్రశ్న దగ్గరే అబద్ధమాడాడు. ఏడేళ్ళ కిందట, పడవ దిగి ఒంటిమీద బట్టలు ఆరకముందే, లెస్బోస్ దీవిలో ఓ గుడారంలో అడిగారు. వెనక వరసలో అఫ్గానిస్తాన్‌లోని అతని సొంత జిల్లా మగవాళ్ళు, జాఘోరీ వాళ్ళు, చెవులు రిక్కించుకుని నిలబడి ఉన్నారు. పరాయి మగవాళ్ళ మధ్య తల్లి పేరు పలకడమంటే ఆవిడని ముసుగు తీసి నడిబజారులో నిలబెట్టడమే వాళ్ళ లెక్కలో. "ఫాతిమా" అనేశాడు. దుబాసీ కూడా అఫ్గానే కాబట్టి మీసాల్లో నవ్వుకుని అదే చెప్పాడు. ఆ రోజు ఆ గుడారంలో సగం మందికి తల్లి ఫాతిమాయే. పరువు దక్కిందని అందరూ హాయిగా నిద్రపోయారు, వెర్రివాళ్ళు.

ఇప్పుడు ఆ తల్లి ఇరాన్‌లో, మషద్ ఊళ్ళో, కూతురింట్లో మంచాన పడింది. రెండు కిడ్నీలూ పోయాయి. "అన్నయ్యా, వచ్చేదుంటే తొందరగా రా" అని చెల్లెలు ఫోన్లో ఏడ్చిన దగ్గర్నుంచి కంబర్‌కి తిండి సయించలేదు. శరణార్థులకిచ్చే ప్రయాణ పుస్తకం కోసం దరఖాస్తు పెట్టాడు. పారిపోయి వచ్చిన దేశానికి తప్ప ఎక్కడికైనా దాంతో పోవచ్చు. తల్లి ఉన్నది అఫ్గానిస్తాన్‌లో కాదు కాబట్టి అడ్డేమీ లేదనుకున్నాడు. వేలిముద్రలిచ్చి, చలికాలమంతా ఎదురుచూశాడు. పుస్తకం చేతికొచ్చిన రోజున ఏథెన్స్‌లో తాను పనిచేసే కుట్టుదుకాణానికి పరుగున వచ్చి, దాన్ని మిషను మీద పెట్టి ముద్దుపెట్టుకున్నాడు.

పక్క మిషను మీద ప్యాంట్లు పొట్టి చేస్తున్న ఈసా ఊరుకుంటాడా!

"పెళ్ళికూతురి ఫొటో ఏమైనా ఉందేంట్రా అందులో? నీ మొహం చూస్తే సరిహద్దు పోలీసు జడుసుకుని చస్తాడు."

"జడుసుకోనీరా. నేను మా అమ్మ దగ్గరికి పోతున్నా."

ఆ సాయంత్రమే తల్లి కోసం ఆకుపచ్చ మఖ్మల్ గుడ్డ కత్తిరించాడు. బాగా చిక్కిపోయిందని చెల్లెలు చెప్పింది కదా అని రెండు పక్కలా లోపలికి కుట్టాడు. ఎంత లోపలికి కుట్టాలో తెలియక ఏడుపొచ్చింది.

ఇరాన్ వీసా కిటికీ దగ్గర కథ అడ్డం తిరిగింది. జబ్బుపడిన తల్లిని చూడాలని అడిగాడు కాబట్టి ఆమె గుర్తింపు కార్డు నకలు కావాలన్నారు. చెల్లెలు ఫోన్లో పంపింది. అక్కడి మనిషి ఆ కార్డునీ, కంబర్ గ్రీకు కార్డునీ పక్కపక్కన పెట్టి చూశాడు.

"ఈవిడ ఎవరు?"

"మా అమ్మ సార్."

"నీ కార్డులో తల్లి ఫాతిమా అని ఉందే. ఆవిడ ఎవరు మరి?"

ముందు గ్రీకువాళ్ళ దగ్గర పేరు దిద్దించుకుని రమ్మని కాగితాలు వెనక్కి తోశారు. దిద్దుబాటుకి ఈస్టర్ దాటాక గానీ తేదీ దొరకలేదు.

సిగ్గు చంపుకుని తల్లికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాడు. అవతల నవ్వూ దగ్గూ కలిసి వినిపించాయి.

"అక్కడ ఇంకో అమ్మని పెట్టుకున్నావట్రా? బాగా వండిపెడుతోందా?"

"నీ మర్యాద కోసమే కదమ్మా..."

"నా మర్యాద ఎవడు చూడొచ్చాడ్రా! మీ నాన్న బతికినన్నాళ్ళూ నన్ను 'ఇదిగో' అనే పిలిచాడు. ఆయన పోయాక కంబర్ తల్లినయ్యాను. దానికి నాకేం బాధ లేదు. కానీ నా దగ్గరికొచ్చే తలుపు నువ్వే మూసుకున్నావు కదరా, పిచ్చినాన్నా." కాసేపు ఊపిరి తీసుకుంది. "చెప్పెయ్. అందరి ముందూ గట్టిగా చెప్పెయ్. చెప్పి తొందరగా రా."

ఆమె ఈస్టర్ దాకా ఆగలేదు.

ఏథెన్స్‌లో నేలమాళిగలో ఉన్న ప్రార్థన గదిలో జాఘోరీ మగవాళ్ళందరూ చేరి ఆమె ఆత్మశాంతికి ఫాతిహా ప్రార్థన చదివారు. "కంబర్ తల్లికి స్వర్గం ప్రాప్తించాలి" అన్నారు. టీ తాగారు, భుజం తట్టారు. ఆవిడ పేరేమిటని ఒక్కడూ అడగలేదు. అడిగితే తప్పని వాళ్ళకి తెలుసు. కంబర్‌కి మాత్రం మొట్టమొదటిసారి వాళ్ళందరి మీదా, అందరికన్నా ఎక్కువగా తన మీదా, పట్టరాని కోపం వచ్చింది.

దిద్దుబాటు తేదీ రానే వచ్చింది. కంబర్ పొద్దున్నే గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకోవడం చూసి ఈసా మెల్లిగా అన్నాడు.

"ఇంకెందుకురా? కూలి దండగ."

"అమ్మ చెప్పమంది," అన్నాడు కంబర్.

ఆఫీసులో జుట్టు నెరిసిన గ్రీకావిడ కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. వెనక కుర్చీల్లో అఫ్గాన్లే ఎక్కువ. ఇద్దరు తెలిసినవాళ్ళు కూడా.

"తల్లి పేరు?"

"జివర్." పెదాలు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు.

"గట్టిగా చెప్పు బాబూ."

"జివర్!" హాలంతా వినిపించింది. కుర్చీల్లో మాటలు ఆగిపోయాయి. తెలిసినవాళ్ళిద్దరూ నేల చూపులు చూశారు. "మా అమ్మ పేరు జివర్. ఫాతిమా కాదు. ఎప్పుడూ కాదు."

పుట్టి బుద్ధెరిగాక ఆ పేరు తన నోట పలకడం అదే మొదలు. ఎంత బాగుందో అనిపించింది. పిలిస్తే పలికే మనిషి లేకపోయాక పిలిచానే అని గుండె అవిసిపోయింది.

ఆవిడ చకచకా మీటలు నొక్కి, అతని తడి కళ్ళు చూసి సంతోషమే అనుకుంది.

"ఇదిగో, అయిపోయింది. వేసవి పోయేసరికి కొత్త కార్డు వచ్చేస్తుంది. ఇంక నిశ్చింతగా వెళ్ళి అమ్మని చూసుకో, నాయనా."

అమ్మ పోయిందని చెప్పేంత గ్రీకు కంబర్‌కి వచ్చు.

"అలాగేనమ్మా," అన్నాడు. "చూసుకుంటాను."