కస్టమర్ శ్రీకాంత్

అత్తమ్మకు జొన్నరొట్టె చేయాలి. బట్టలు ఆరేయాలి. గ్యాస్ బుక్ చేయాలి. నెట్ బిల్లు కట్టాలి. నాలుగింటికి డైరెక్టర్‌తో ఆన్‌లైన్‌లో కూర్చుని, ఆయన సినిమాకు నేను రాసిన ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చివరిసారి సరిచూడాలి.

ఆ చివరి పని తలుచుకుంటే పొద్దుటి నుంచి కాలు నిలవడం లేదు. మా పుట్టింట్లో డిగ్రీ దాకా చదివిన మొదటిదాన్ని. ఇన్నాళ్లూ నేను రాసినవి, నాకు పని ఇచ్చే సబ్‌టైటిల్స్ ఆఫీసు వాళ్ల పేరుతో పోయాయి. ఈసారి తెర మీద ‘మంజులత’ అని పడుతుంది!

బిల్లు కట్టి రొట్టె కాలుస్తున్నాను. రూటర్‌లో ఎర్ర లైటు వెలిగింది.

“ఏందే మంజులా, టీవీల సున్నా గిట్ల గిర్రుగిర్రున తిరుగుతనే ఉన్నది?” అంది అత్తమ్మ.

ఫిల్మ్ నగర్ బండల మధ్య మా ఇంట్లో ఫోన్ సిగ్నల్ నిలవదు. డైరెక్టర్ సాయంత్రం ఊరెళ్తున్నారు. నేను దొరక్కపోతే ఆఫీసు వాళ్లే చూసేస్తారు. పేరూ వాళ్లదే పడుతుంది.

సిగ్నల్ కోసం మేడెక్కి నెట్ కంపెనీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే నవత అనే అమ్మాయి ఎత్తింది. “కస్టమర్ నంబర్‌కు ఓటీపీ వస్తది మేడమ్, చెప్తే కంప్లైంట్ తీసుకుంట.”

కస్టమర్ మా ఆయన శ్రీకాంత్. సినిమాలకు ప్రొడక్షన్ మేనేజర్, ఇవాళ షూటింగ్‌లో ఉన్నారు. సీన్లు బయటికి పోకుండా సెట్‌లో అందరి ఫోన్లూ సంచిలో వేయించేది ఆయనే, తన ఫోన్‌తో సహా. మ్యాచ్ ఆగొద్దని పెద్ద ప్లాన్ ఎంచుకున్నదీ ఆయనే. నెలనెలా కట్టేది నేను. నా పేరు మీద పెట్టమంటే, “ఎవరి పేరైతేంది మంజూ, నెట్ వస్తే చాలదా?” అని నవ్వారు.

“పైసలు కట్టేది నేనేనమ్మా” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

నవత స్వరం తగ్గించింది. “అక్కా, ఒక మాట. పాత కనెక్షన్ కంప్లైంట్‌కు రేపటి దాకా ఎవరూ రారు. కొత్త కనెక్షన్ అంటే గంటలో ఉరికొస్తరు. మీ ఆధార్ చాలు.”

నవ్వొచ్చింది. పాతవాళ్లకు ఎర్ర లైటు, కొత్తవాళ్లకు ఉరుకులు! “రాయమ్మా” అన్నాను.

నిజంగానే గంటలో కొత్త తీగ వచ్చింది. నాలుగింటికి డైరెక్టర్ ముఖం తెర మీద తళుక్కుమంది. ఒక్క చోట ‘నీయవ్వ’ అనే తిట్టుకు నేను రాసిన ఇంగ్లిష్ మాట చదివి పగలబడి నవ్వారు. “పేరు స్పెల్లింగ్ పంపండి” అన్నారు.

చీకటి పడ్డాక, నేను పెట్టిన మెసేజ్ చూసి వాట్సాప్‌లో శ్రీకాంత్ ఫోన్. “ఒక్క ఇంట్ల రెండు కనెక్షన్లేంది మంజూ?”

“రెండెందుకు? మీది తీసేయిస్తున్న. మీకు ఓటీపీ వస్తది, జర చెప్పుండ్రి.”

మీ నెట్ పోయిన రోజు, అవతలి గొంతు మీద అరిచే ముందు నవతను తలుచుకోండి. ఆ అమ్మాయి పేరు ఏ తెర మీదా పడదు.