చెయ్యి అడ్డం పెట్టిన చోటు

"కాలరు మడత పడింది. కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావ్?" అంటూ భర్త ఆమె చేతిలోంచి తన చొక్కా లాక్కున్నాడు. కట్టు విప్పినా ఆమె ఎడమ చెయ్యి ఇంకా బరువు ఆనడం లేదు. కుడి చేత్తోనే గుడ్డ పరుచుకోవాలి, మళ్ళీ దానితోనే ఇస్త్రీపెట్టె తొయ్యాలి.

"బొమ్మలు చూడ్డానికి పోతూ ఈ ముస్తాబేంటి? మగవాళ్ళు కూడా వస్తున్నారా?"

"క్లాసంతా వస్తోందండీ. మ్యూజియంలో లెక్చరు ఉంది. వెళ్ళకపోతే మార్కులు పోతాయి."

"సాయంత్రం ఆ మ్యూజియం గేటు దగ్గర ఉంటా. ఈలోపు ఫోన్ చేస్తే ఒక్క రింగుకే ఎత్తాలి. పోయినసారి ఏమైందో గుర్తుందిగా?"

గుర్తులేకేం! క్లాసులో ఉండి ఫోన్ ఎత్తలేదని, ఇంట్లో అడుగు పెట్టగానే కుక్కర్ మూత పట్టుకుని మీదికొచ్చాడు. తల పగలకుండా ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. ఎముక విరిగిన చప్పుడు ముందు వినపడింది, నొప్పి తర్వాత వచ్చింది. కింద పడ్డాక డొక్కలో తన్నాడు. ఆ తర్వాత టాక్సీ పిలిచి తీసుకెళ్ళి, ఆస్పత్రిలో డాక్టరు ఆమెను అడిగిన ప్రతిదానికీ తనే జవాబు చెప్పాడు, బాత్రూంలో జారిపడిందని. మర్నాడు బాత్రూంలోకి రబ్బరు చాప కొనుక్కొచ్చాడు! అతను ఫోన్లో పంపిన దాని ఫొటో చూసి ఊళ్ళో అత్తగారు మురిసిపోయింది. "మావాడికి నువ్వంటే ఎంత ప్రాణమో చూడమ్మా. ఇకనైనా కాస్త కిందికి చూసి నడువు." కన్నతల్లి కూడా "నీకు చిన్నప్పట్నుంచీ దూకుడే" అంది. అందరూ అందరికీ చెప్పగా చెప్పగా ఆ అబద్ధం ఎంత నునుపు తేలిందంటే, క్లాసులో ఎవరైనా అడిగితే సబ్బు ఏ మూల పడి ఉందో కూడా ఆమె కళ్ళకు కట్టినట్టు చెప్పేది. అసలు అతను ఈ దేశంలో ఉంటున్నదే ఆమె చదువు వీసా మీద. బంధువుల్లో మాత్రం పెళ్ళాన్ని పరాయి దేశంలో చదివిస్తున్న మహానుభావుడని పేరు. సొమ్మొకడిది, సోకొకడిది.

మ్యూజియం కింది గదిలో, గాజుపెట్టెలో ఒక ఆడమనిషి అస్థిపంజరం ఉంది. పక్కన మైకు పట్టుకుని తల నెరిసిన ఎముకల నిపుణురాలు నిలబడింది. విద్యార్థులు ఆవిడకు అప్పటికే బొమికల బామ్మ అని పేరు పెట్టేశారు.

"మనిషి జారిపడితే చెయ్యి నేలకి ఆనిస్తాడు," అంది బామ్మ. "అప్పుడు సాధారణంగా మణికట్టు దగ్గర విరుగుతుంది. ఈవిడకి అక్కడ కాదు. ఇదిగో, ముంజేతి మధ్యలో, చిటికెనవేలి వైపు. ఇలా ఎప్పుడు విరుగుతుంది? తల మీదికి దెబ్బ వస్తుంటే చెయ్యి ఇట్లా అడ్డం పెట్టినప్పుడు." ఆవిడ తన చెయ్యి ఎత్తి చూపించింది.

ఆమె తన ముంజెయ్యి వంక చూసుకుంది. ఎక్స్‌రేలో డాక్టరు వేలు పెట్టి చూపించిన చోటు అదే. అంటే ఆ డాక్టరుకీ తెలిసే ఉంటుంది. తెలిసీ, పక్కన మొగుడున్నాడని నోరు మూసుకున్నాడా? ముందు ఆమెకు సిగ్గేసింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఆ కుక్కర్ మూత తనే అందుకుని అతని ముక్కూ మూతీ ఏకమయ్యేదాకా బాదాలనిపించింది, అతను చెయ్యి అడ్డం పెడితే ఆ చేతినీ విరగ్గొట్టాలనిపించింది. ఇంత కసి తనలో ఎక్కడ దాక్కుందో ఆమెకే తెలియలేదు.

"ఇది అతుక్కుంది," అంటోంది బామ్మ. "అతుక్కున్నాక మళ్ళీ అక్కడే విరిగింది. అదీ అతుక్కుంది. మూడో దెబ్బ పుర్రె మీద పడింది. అది అతుక్కోలేదు."

ఆమె సంచిలో ఫోను మోగింది. అందరూ తిరిగి చూశారు. ఆమె దాని నోరు నొక్కేసింది. మళ్ళీ మోగింది, మళ్ళీ నొక్కేసింది. ఇంటికి వెళ్తే ఈ రెండు రింగులకూ ఏం జరుగుతుందో ఆమెకు బాగా తెలుసు.

"ఎవరు కొట్టారు మేడమ్?" అని ముందు వరసలో అమ్మాయి అడిగింది.

"అది ఎముక చెప్పదమ్మా. ఆవిడే చెప్పి ఉండాలి. చెప్పిందో, చెప్పినా ఎవరూ వినలేదో మనకి తెలీదు."

లెక్చరు అయ్యేసరికి సాయంత్రమైంది. అందరూ కబుర్లాడుకుంటూ మెట్లెక్కి వెళ్ళిపోయారు. ఆమె మాత్రం గాజుపెట్టె దగ్గరే ఉండిపోయింది. వైర్లు చుట్టుకుంటున్న బామ్మ దగ్గరికి వెళ్ళి, ఎడమ చేతి మీది చొక్కా పైకి మడిచింది. బామ్మ వైర్లు పక్కన పెట్టి, ముంజేతి మీద ఎత్తుగా ఉన్న చోట మెల్లగా వేలితో తడిమింది. పడ్డావా అని అడగలేదు.

"ఎవరు?" అంది.

అలవాటు కొద్దీ బాత్రూమూ సబ్బూ ఆమె గొంతు దాకా వచ్చాయి. వాటిని మింగేసింది.

"మా ఆయన. పైన గేటు దగ్గర నా కోసమే కాచుకుని ఉన్నాడు. పోలీసుల్ని పిలవండి."