ఫొటోలో లేని ర్యాంపు

మా అన్నయ్యే లేకపోతే ఆ పాత బంగళా ఈపాటికి నేలమట్టమయ్యేది. తోటలో అపార్ట్‌మెంట్లు లేచేవి. బంగళా, తోట జనానికే ఉండాలని కోర్టుల చుట్టూ చెప్పులు అరిగేలా తిరిగాడు. తీర్పు వచ్చేనాటికి పక్షవాతంతో చక్రాల కుర్చీలో పడ్డాడు. అయినా రోజూ సాయంత్రం నేను కుర్చీ తోసుకెళ్తే, బంగళా వరండాలో కూర్చుని తోటలో ఆడుకునే పిల్లల్ని చూసేవాడు. అందుకోసమే మెట్ల పక్కన మా వీధి వడ్రంగి చెక్క ర్యాంపు వేశాడు. అన్నయ్యకి మిగిలిన సుఖం అదొక్కటే.

ఇంతలో మరమ్మతులకని ఒక ఇంజనీరు దిగాడు. నోరు తెరిస్తే ‘అసలు’ అంటాడు కాబట్టి మేమంతా ఆయన్ని అసలుగారు అంటాం. ఆయన దగ్గర బంగళా కట్టిన కొత్తలో తీసిన ఫొటో ఒకటుంది. అందులో ఉన్నది ఉండాలి, లేనిది పోవాలి. బెంచీలు పోయాయి, కుళాయి పోయింది, పిల్లల ఉయ్యాల పోయింది. చివరికి ర్యాంపు కూడా పీకించాడు మహానుభావుడు.

“మరి మా అన్నయ్య ఎలా ఎక్కాలండీ?” అని అడిగాను.

“అసలు ఆ రోజుల్లో ర్యాంపు లేదు కదమ్మా.”

“ఆ రోజుల్లో మీరూ లేరు కదండీ!”

వింటేనా? గోడకి చెప్పుకున్నట్టే. బంగళా చూసుకునే కమిటీ వాళ్ళని అడిగితే, ప్రారంభోత్సవం కానివ్వండి, చూద్దాం అన్నారు. వాళ్ళ చూద్దాం సంగతి నాకు తెలియదా!

తీరా ప్రారంభోత్సవం రోజు చూస్తే రిబ్బను కత్తిరించాల్సింది మా అన్నయ్యేనట. ఆ రిబ్బను తీసుకెళ్ళి మెట్ల పైన, తలుపుకి అడ్డంగా కట్టారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చిన మనిషి, కింద మెట్టు దగ్గరే ఆగిపోయాడు.

“అసలు ఏం ఇబ్బంది లేదు సార్, నలుగురం కలిసి ఎత్తేస్తాం,” అన్నాడు అసలుగారు.

“నలుగురు ఎత్తే రోజు ఎలాగూ వస్తుంది. ఇవాళ మాత్రం వద్దు,” అన్నాడు అన్నయ్య.

కుర్చీలోంచి జారి మెట్టు మీద కూర్చున్నాడు. మెట్లకి వీపు పెట్టి, బాగున్న చేతిని ఊతం చేసుకుని, ఒక్కో మెట్టే పైకి జరగసాగాడు. పట్టుకోబోతే కసిరాడు. చొక్కా నిండా దుమ్ము, ముఖం నిండా చెమట. పైకి చేరగానే అందరూ చప్పట్లు! నాకు ఒళ్ళు మండిపోయింది. సిగ్గన్నా లేదు మనుషులకి.

అసలుగారు కత్తెర అందించాడు. అన్నయ్య దాన్ని జేబులో పెట్టుకుని, తలుపుకి ఆనుకుని రిబ్బను కిందే కూర్చుండిపోయాడు.

“ర్యాంపు వేయించండి, అప్పుడు కత్తిరిస్తాను.”

“సార్, ముఖ్య అతిథిగారు ఎండలో నిలబడ్డారు!”

“ఆయన్ని ఎక్కడైనా కూర్చోబెట్టండి. నాకేం తొందర లేదు.”

ఆ తర్వాత నా వైపు తిరిగాడు. “చెల్లాయ్, కాసిని మంచినీళ్ళు పట్రా. ఇది ఇప్పట్లో తేలేలా లేదు.”