ఆజెలీ పడవ

"ఇది బోర్లాపడితే?" అన్నాను.

అప్పటికింకా పడవే లేదు. రెండు సైప్రస్ పలకలు కొట్టం గోడకు ఆనించి ఉన్నాయి, అంతే. మా ఆయన తెలెస్ఫోర్ పలక తిప్పి చూసుకున్నాడు. నోటినిండా మేకులు.

ఆ వేసవిలో దుంగ దొర్లి ఆయన కుడిభుజం విరిగింది. అతికింది గానీ, తుపాకి ఆనించుకుంటే ప్రాణం పోతోందట. చలికాలం బాతులు దిగితేనే మా గంబో పులుసులోకి మాంసం. వేటకి నేను వెళ్తానంది మా అమ్మాయి ఆజెలీ. పదిహేడేళ్ళ పిల్ల. దానికోసమే ఈ పిరోగ్, ఒక్కమనిషి పట్టే సన్నపడవ.

పిరోగ్ అంటే నాకు మా తమ్ముడు ఒవీద్ గుర్తొస్తాడు. బూట్లలో నీళ్ళు నిండి, బోర్లాపడిన పడవ పక్కనే పోయాడు.

మా చిత్తడిలో ఎవరి పడవ వాళ్ళ కొలతే. ఆజెలీని అడుగుపలక మీద కూర్చోబెట్టి, తుంటికి అటూ ఇటూ బొగ్గుతో గీత గీశాడాయన. గీత వెంట రంపం పట్టింది ఆ పిల్లే.

"ఇంకో జానెడు వెడల్పు పెట్టరాదూ!" అన్నాను.

గుమ్మంలో కాఫీ తాగుతున్న మా బావగారు ఆదామ్ నవ్వాడు. "అప్పుడది మంచమవుతుందమ్మా. గడ్డి కోసి చేసిన సన్నకాలువలో దూరొద్దూ? పిరోగ్ ఎక్కితే పాపిట కూడా మధ్యకే తియ్యాలి, లేకపోతే ఒరుగుతుంది!"

"నీకా బెంగ లేదులే పెదనాన్నా, అంతా బట్టతలే," అంది ఆజెలీ.

నాకు నవ్వు రాలేదు. "పొగమంచులో దారి తప్పితే? మొసలి వస్తే? ఇంతకీ ఇది బోర్లాపడుతుందా, పడదా?"

ఆయన కత్తిమొనతో సందుల్లో దూది కూరుతున్నాడు. కాఫీ ఇచ్చినప్పుడల్లా అదే అడిగాను. తారు పూయటమూ అయిపోయింది, అన్నంలో కూడా తారువాసనే. జవాబు మాత్రం లేదు. మంచిమాట ఉంటే మనిషి చెప్పడా?

పడవ దించేరోజు ఆజెలీని తన పాత కోటు, బూట్లు వేసుకోమన్నాడు. చలికేమో అనుకున్నాను. పిల్ల ఎక్కి కూర్చుంది. పడవ ఆకులా తేలింది. నేను సిలువగుర్తు వేసుకునేలోపే ఆయన మొలలోతు దిగి, అంచుమీద ఎడమచెయ్యి వేసి, పడవని తలకిందులు చేసేశాడు.

నీళ్ళమీద బుడగలు. బావగారు నా రెక్క పట్టుకోకపోతే దూకేదాన్నే.

పిల్ల తల పైకొచ్చింది. పడవ తిరగేసి, పక్కనుంచి ఎక్కబోయింది. పడవ మళ్ళీ మీదికి బోర్లాపడింది. ఈసారి దాన్ని తిరగేసి, ఈదుకుంటూ కొనవైపు వెళ్ళి, పొట్టమీద పాములా జారి లోపలికి పాకింది.

"బూట్లు అడుగునే విప్పేశాను నాన్నా, నువ్వు చెప్పినట్టే," అంది, పళ్ళు టకటకలాడుతుంటే.

"నీకు మతిపోయిందా!" గట్టెక్కిన ఆయన్ని గుద్దాను, బాగున్న భుజం మీదే.

ఆయన చొక్కా అంచు పిండుకున్నాడు.

"పడుతుంది, ఒడీల్," అన్నాడు. "ఏ పిరోగ్ అయినా పడుతుంది. అందుకే నువ్వు చూస్తుండగా పడేశాను."