కాలిలోంచి వచ్చిన దవడ

గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని బట్ట సరిచేయడం టైలరమ్మకు ఎప్పటి నుంచో అలవాటు. ఆ రోజు ఓ కోటు భుజం బిగిస్తుంటే, పక్క మిషను మీదున్న ఆడపడుచు కెవ్వుమంది.

"వదినా, పెదవిలో సూది దిగిపోయింది! రక్తం చూడు!"

టైలరమ్మ అద్దంలో చూసుకుంది. కింది పెదవి ఎడమవైపు సూది గుచ్చుకుని ఉంది. ఆమెకు చీమ కుట్టినట్టయినా లేదు.

"నొప్పి లేదే," అంది తెల్లబోయి.

"అదే కదా భయం! ఆ పక్క దవడ ఉబ్బుతోందని ఎన్నాళ్లుగా మొత్తుకుంటున్నాను? లావెక్కానంటావు. మొహం ఒక పక్కే లావెక్కుతుందా ఎక్కడైనా?"

ఎక్స్‌రేలో ఎడమ దవడ ఎముకలా లేదు. సబ్బు నురగలా అన్నీ బుడగలే. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా ఇద్దరికీ కాలు నిలవలేదు.

"క్యాన్సర్ కాదమ్మా," అంది సర్జను. "కానీ ఈ గడ్డను వదిలేస్తే ఎముకను గుల్ల చేసేస్తుంది. ఆ పక్క పళ్లు కదులుతున్నాయన్నారే, అందుకే. నరాన్ని నొక్కేసింది కాబట్టే పెదవికి స్పర్శ పోయింది. పైపైన గీకేస్తే మళ్లీ పెరుగుతుంది. ఆ భాగమంతా కోసెయ్యాలి."

"మరి దవడ?"

"మీ కాలి నుంచి తెచ్చుకుందాం."

ఆడపడుచు నోరు తెరిచింది. సర్జను ఓపిగ్గా చెప్పింది. మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. బరువు మోసేది పెద్దది. పక్కనున్న సన్నదానిలో కొంత తీసినా నడకకు ఇబ్బంది ఉండదు. ఆ ఎముకను దాని రక్తనాళంతో సహా తీసి, ముక్కలు చేసి దవడ వంపులో అమర్చి, ఆ నాళాన్ని మెడలోని నాళానికి కుడతారు.

టైలరమ్మ ముందుకు వంగింది. "దారం ఎంత సన్నం?"

"ఉత్త కంటికి సరిగ్గా ఆనదు. మైక్రోస్కోపులో చూస్తూ కుడతాం."

టైలరమ్మ తన వేళ్ల వైపు చూసుకుంది. రక్తం పారే గొట్టాన్ని మరో గొట్టానికి, చుక్క కారకుండా కుట్టడం! గుండెల్లో భయం ఉంది. భయం కన్నా పెద్దదేదో కూడా ఉంది.

"కుట్టండి," అంది.

ఆపరేషన్ రోజు పొద్దున లోపలికి తీసుకెళ్లిన మనిషిని సాయంత్రానికి బయటికి తెచ్చారు. కొన్ని వారాలు ముక్కులోని గొట్టంలోంచే ఆహారం, చేతికర్రే తోడు.

"వదినా, ఇక నీ నోటికి కాలొచ్చింది. అదుపులో పెట్టుకో," అంది ఆడపడుచు. టైలరమ్మ నవ్వబోయి, కుట్లు లాగడంతో కళ్లతోనే కసిరింది.

నెలలు గడిచాక సర్జను కొత్త ఎక్స్‌రే తీయించి తెర మీద దవడను చూపించింది. ముక్కల మధ్య అతుకులు కనబడడం లేదు.

"ఇంకా బతికే ఉందా?" అంది టైలరమ్మ గొంతు తగ్గించి.

"భేషుగ్గా ఉంది. మీరు నమిలేకొద్దీ గట్టిపడుతుంది. పళ్లు కూడా ఇందులోనే బిగిస్తాం."

ఇన్నాళ్లూ తనతో నడిచిన ఎముక! ఏ గొడవా లేకుండా కొత్త పని నేర్చుకుంది. టైలరమ్మ తెరను వేలితో మెల్లగా తాకింది.

పళ్లు బిగించి, ఇక కొరకవచ్చన్న రోజు ఆమె ఆసుపత్రి మెట్ల మీదే ఆపిల్ కొరికింది. కరకరమంది. నమలడం ఆపి అలాగే నిలబడిపోయింది.

"ఏమైంది వదినా? నొప్పా?"

"ఉండవే, విననీ," అని మళ్లీ కొరికింది.