రేకుల డబ్బా, ఇనప చట్రం

కెంచార్లహళ్ళి వెంకటరామప్ప ట్రాక్టరు బరువులు మోసే మోత కన్నా అది మోగించే మోతే ఎక్కువ. పాతికేళ్ల బండి. ఎండ తగలకుండా దానికి చుట్టూ రేకులు కొట్టించి, మామిడి కొమ్మలకు అడ్డం రాకుండా పైకప్పు పొట్టిగా పెట్టించాడు. డబ్బు పెట్టి డబ్బా చేయించుకున్నాడని భార్య తిమ్మక్క ఎత్తిపొడిచేది. ఆయన ఆ డబ్బాలో మెడ వంచుకుని దున్నుతుంటే ఇంజను శబ్దం రేకులకు కొట్టుకుని, బయటికి దారి దొరక్క, ఆయన చెవుల్లోనే కాపురం పెట్టేది. ఇంటికొచ్చాక అన్నానికి రమ్మని తిమ్మక్క మూడుసార్లు అరిస్తే గానీ ఆయన తల ఇటు తిరిగేది కాదు.

అంతవరకూ నవ్వుకోవచ్చు. కృషి హొండ దగ్గర మాత్రం నవ్వు ఆగిపోయింది. అది సర్కారు పథకంలో చేలో తవ్వించుకున్న నీటి గుంట. ఒక్క చాలు కూడా వదులుకోకూడదని వెంకటరామప్ప దాని గట్టు అంచుదాకా దున్నుతాడు. మొన్న వానల్లో వెనక చక్రం కింద మన్ను జారుతుంటే తిమ్మక్క గొంతు చించుకుంది. ఆయనకు వినపడలేదు. అదృష్టం కొద్దీ చక్రానికి పట్టు దొరికింది. ఆయన ఇంకో చాలు వేసుకుంటూ పోయాడు. ఆమె మాత్రం చేలోనే కూలబడింది.

మరునాడే మొగుణ్ని, బండిని కలిపి చింతామణిలో మెకానిక్ అంబరీష్ షెడ్డుకు తోలుకుపోయింది.

"రేకులు వదులైనాయి, బిగించప్పా. సద్దు తగ్గుతాది" అన్నాడు వెంకటరామప్ప.

అంబరీష్ తానే బండెక్కి రోడ్డు మీద ఒక చుట్టు తిరిగొచ్చాడు. ఫోనులో శబ్దం కొలిచి చూపించాడు. తొంభై ఎనిమిది.

"జ్వరమాప్పా?" అంది తిమ్మక్క.

"జ్వరమైతే దిగుతాదమ్మా. చెవుడు దిగదు. ఈ రేకులు తీసేయాల."

"యాడ తీస్తావు?" అని లేచాడు వెంకటరామప్ప. "బండి బోల్తా పడితే నన్ను కాపాడేది అదే కదప్పా!"

అంబరీష్ బోల్టులు విప్పి, ఆ పైకప్పును ఒంటి చేత్తో ఎత్తి గోడకు ఆనించాడు.

"నా ఒక్క చేతికి లేసింది. బండి రెండు టన్నులు ఉండాది. అది మీద పడితే ఇది ఆపుతాదా, నువ్వే చెప్పు."

వెంకటరామప్ప రేకును చూశాడు, బండిని చూశాడు. చెమట తుడుచుకున్నాడు.

"అయితే గట్టి పైపులు అతికించి నువ్వే ఒకటి చేసియ్యి."

"చేయను. నేను అతికించింది యాడ విరుగుతాదో నాకే తెలీదు. బోల్తాకు ఆగుతాదని పరీక్ష చేసిన చట్రం ఈ మోడలుకు దొరుకుతాది. తెప్పిస్తా."

చేతికొచ్చిన పనిని కాదనే మెకానిక్కును వెంకటరామప్ప పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. పని వద్దనడం కూడా పనితనమేనని ఆయనకు ఆ పూట తెలిసింది.

పది రోజులకు చట్రం వచ్చింది. సీటు వెనక నిలబడే రెండు ఇనప కాళ్లు, పైన అడ్డకమ్మి. మామిడి తోపులో కొమ్మలు తగిలే చోట వెనక్కు మడవొచ్చు. దాంతోపాటు నడుముకు బెల్టు, కొత్త సైలెన్సరు, చెవుల్లోకి స్పాంజి బిరడాలు.

"నిలబెట్టినప్పుడు బెల్టు కట్టుకో. మడిస్తే విప్పేయి. తోపు దాటుతానే మళ్ళా నిలబెట్టు. మడిచిపెట్టిన చట్రం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే" అని అంబరీష్ రెండుసార్లు చెప్పాడు.

కొమ్మలు వంగవు, చట్రం వంగుతుంది, దాన్ని మళ్ళా లేపడానికి వెంకటరామప్ప నడుమే దిగి వంగనంటుంది. ఒక బుధవారం తోపు దున్ని, మడిచిన చట్రంతోనే హొండ వైపు తిప్పాడు.

"నిలబెట్టయ్యా దాన్ని!"

బిరడాలు ఇంజనును అణిచాయి గానీ తిమ్మక్కను అణచలేకపోయాయి. అడ్డం రేకులు లేవు, అరుపు నేరుగా వచ్చి తగిలింది. ఆయన గొణుక్కుంటూ దిగి, చట్రం లేపి, పిన్ను దూర్చి, ఎక్కి బెల్టు కట్టుకున్నాడు.

"గట్టుకు ఎడంగా పోనీ!" అని కూడా అందామె. అది వినపడింది గానీ ఆయన వినలేదు.

మూడో చాలులో గట్టు విరిగింది. బండి పక్కకు ఒరిగి, హొండలోకి జారి, తలకిందులు కాబోతూ చట్రం మన్నులో దిగబడి ఆగిపోయింది. వెంకటరామప్ప బెల్టుకు వేలాడుతూ చేయి చాచి ఇంజను ఆపాడు.

"ఉండావా?" తిమ్మక్క గట్టు మీంచి కేక పెట్టింది.

"ఉండా. బుజం నొస్తాంది. నువ్వు మెల్లగా చెప్పు, వినపడతాంది."

ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుని బురదలోకి దిగింది.

సాయంత్రానికి అంబరీష్ వచ్చి బండిని పైకి లాగించాడు. చట్రం ఒక కాలు వంగిపోయింది. దాన్ని వేళ్లతో తడిమి, "దీని పని అయిపోయింది. కొత్తది వేయాల" అన్నాడు.

పక్క చేను దేవరాజ్ మాట అందుకున్నాడు. ఆయన బండికీ రేకుల డబ్బానే. "పారేసే బదులు నాకియ్యప్పా. వంపు తీయించి వేసుకుంటా. ఇంత గట్టిది మళ్ళా యాడ దొరుకుతాది?"

వెంకటరామప్ప వెంటనే అంబరీష్ వ్యానులోంచి గ్యాసు కట్టరు తనే దింపించాడు.

"కోసేయప్పా, మన ముందరే. రెండు తునకలు చాలవు, నాలుగు చేయి."

"అయ్యో, మంచి ఇనుమప్పా!" అన్నాడు దేవరాజ్.

"మంచిదే. నాకోసం వంగిపోయినాది. నీకోసం ఇంకోసారి వంగడం దీనివల్ల కాదు, విరుగుతాది. రేప్పొద్దున నీ బండి తీసుకుని రా, చింతామణికి ఇద్దరమూ పోదాం."

అంబరీష్ నల్ల కళ్లద్దాలు దించుకుని మంట వెలిగించాడు. వెంకటరామప్ప నొప్పి లేని చేత్తో చట్రం రెండో కాలిని కదలకుండా పట్టుకున్నాడు.